ఎలుగుబంటిని సాగనంపిన ఊరు: ఐను ప్రజల ఇయొమాంతె

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పొట్టేలు ఉండేది. నా చేతిలోంచే గడ్డి తినేది. జాతర రోజు మా నాయనమ్మ దాని మెడలో దండ వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడ్చేవాళ్లు ఎందుకు బలి ఇచ్చారో నాకు అప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత జపాన్ చరిత్ర చదువుతుంటే అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది.

జపాన్‌కి ఉత్తరాన హొక్కైడో దీవి ఉంది కదా, అక్కడి మూలవాసులు ఐను ప్రజలు. వాళ్ల నమ్మకం ఏంటంటే, దేవుళ్లు జంతువుల వేషం వేసుకుని మన దగ్గరికి చుట్టపుచూపుగా వస్తారు. ఎలుగుబంటి అంటే కొండదేవుడు. దాని మాంసం, తోలు ఆయన మనకి తెచ్చిన కానుకలన్నమాట.

చలికాలం చివర్లో గుహలో తల్లి ఎలుగుని వేటాడితే, పిల్లని ఇంటికి తెచ్చేవాళ్లు. మరీ చిన్నదైతే ఆడవాళ్లు తమ పాలే పట్టేవాళ్లు. కాస్త పెద్దయ్యాక దుంగలతో కట్టిన బోనులో ఉంచి, ఏడాది రెండేళ్లు సాకేవాళ్లు. ఆ తర్వాత మంచు దట్టంగా కురిసే రోజుల్లో ఇయొమాంతె చేసేవాళ్లు. అంటే సాగనంపడం.

ఊరంతా చేరి, అలంకరించిన మొద్దు బాణాలు వేసి, చివరికి దాన్ని చంపేవాళ్లు. తలని పీఠం మీద పెట్టి, చెక్కిన కర్రలు నిలబెట్టి, సారా, ఎండు చేప సమర్పించేవాళ్లు. దేవుడు ఉత్త చేతులతో ఇంటికి వెళ్లకూడదు కదా! రాత్రి మన ఒగ్గుకథలాగా పాడుతూ కథ చెప్పేవాళ్లు. మంచి పట్టులో ఉండగా ఆపేసేవాళ్లు. ఎందుకంటే, మిగతాది వినడానికైనా ఆయన మళ్లీ వస్తాడని.

19వ శతాబ్దంలో దీన్ని కళ్లారా చూసిన షోయిబె అనే జర్మన్ డాక్టర్ ఒక విషయం రాశాడు. ఆ పిల్లని పెంచిన ఆవిడ ఏడ్చిందట. అది చదవగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు చరిత్ర. 1869లో జపాన్ ప్రభుత్వం ఆ దీవికి హొక్కైడో అని పేరు పెట్టి తనలో కలుపుకుంది. ఐనుల వేటకి, సాల్మన్ చేపల వేటకి అడ్డుకట్ట వేసింది. 1899లో చట్టం తెచ్చి వాళ్లని వ్యవసాయంలోకి నెట్టింది. 1955లో హొక్కైడో గవర్నర్, ఇయొమాంతె అనాగరికం, ఆపండి అని సర్క్యులర్ పంపాడు. అది రద్దయింది 2007లో. అంటే 52 ఏళ్లు!

జంతువుని చంపడం తప్పా కాదా అని అడగొచ్చు. నేనూ అడుగుతాను, ఆ పొట్టేలు నాకింకా గుర్తుంది. కానీ ఆ ప్రశ్న ఐనులు తమలో తాము తేల్చుకోవాల్సింది. వాళ్ల అడవినీ నదినీ లాక్కున్నవాళ్లు వచ్చి 'మీకు జాలి లేదు' అంటే ఎలా? ఏడ్చిన ఆ తల్లిని వాళ్లు చూడనే లేదు.

ఈసారి ఊరెళ్తే మీ నాయనమ్మనో అమ్మమ్మనో ఇలాంటి కథ ఒకటి అడగండి. మళ్లీ కలుద్దాం.