స్పిరిచ్యువల్స్‌లో పరలోక నిరీక్షణ

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ సంతతి క్రైస్తవులు కట్టి పాడుకున్న భక్తిగీతాలను స్పిరిచ్యువల్స్ అంటారు. చాలావాటికి కర్తలెవరో తెలియదు. యొర్దాను దాటడం, వాగ్దాన దేశమైన కనాను చేరడం, ఏలీయా ఆకాశానికి వెళ్ళినప్పుడు కనిపించిన రథం వీటిలో పదేపదే వినిపిస్తాయి. ఈ పాటల్లోని పరలోకం కష్టాన్ని మరిపించే మత్తా, కష్టం ముందు మనిషిని నిలబెట్టిన బలమా అన్న చర్చ చాలాకాలం సాగింది. పాడినవాళ్ళకు మాత్రం ఈ రెండూ వేరువేరుగా కనిపించినట్టు లేదు.

బానిసలకు క్రైస్తవాన్ని చెప్పినవాళ్ళు దానికి హద్దులు కూడా గీశారు. బాప్తిస్మం పొందినంత మాత్రాన బానిసకు విడుదల రాదని వర్జీనియా 1667లోనే చట్టం చేసింది. కరీబియన్ దీవుల్లోని బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చయిన బైబిలులో, ఇశ్రాయేలీయులు ఐగుప్తు చెర నుంచి బయటపడిన కథ లేదు. ఆ కథను ఎందుకు తీసేశారో ఊహించడం కష్టం కాదు. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస బోధకుడు తిరుగుబాటు నడిపాక, నల్లవారి బోధనల మీద, కూటాల మీద ఆంక్షలు బిగిశాయి. దొరల కళ్ళుగప్పి అడవుల్లో, పొదల చాటున ఆరాధించుకోవడం చాలాచోట్ల ఉండేది. పాట చప్పుడు బయటికి పోకుండా ఇనుప కుండ బోర్లించేవాళ్ళమని, ఒకప్పుడు బానిసలుగా ఉన్న ముసలివాళ్ళు 1930లలో తమ జ్ఞాపకాలు నమోదు చేసినవారికి చెప్పారు.

అక్కడ పాడిన పాటల్లో కనాను అంటే ఏది? మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, పారిపోయి, గొప్ప వక్తగా పేరుపొందిన ఫ్రెడరిక్ డగ్లస్ దీనికి సూటిగా జవాబిచ్చాడు. తానూ తోటివాళ్ళూ కనాను పాట పాడుతున్నప్పుడు మనసులో ఉన్నది పరలోకం ఒక్కటే కాదని, బానిసత్వం లేని ఉత్తర రాష్ట్రాలే తమ కనాను అని 1855 నాటి ఆత్మకథలో రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో నల్లవారి దళానికి నాయకుడైన థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ 1867లో మరో సంగతి నమోదు చేశాడు. త్వరలో విడుదల కలుగుతుందని, ప్రభువు తమను ఇంటికి పిలుస్తాడని పాడినందుకు, యుద్ధం మొదలైన రోజుల్లో దక్షిణ కరోలినాలోని జార్జ్‌టౌన్‌లో కొందరిని జైల్లో పెట్టారట. ఆ పాట పరలోకం గురించి మాత్రమే కాదని అధికారులకూ అర్థమైందన్నమాట.

అదే 1867లో ఈ పాటల మొదటి పెద్ద సంకలనం 136 పాటలతో వెలువడింది. వీటిని లోకానికి వినిపించిన ఘనత మాత్రం టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ విద్యార్థులది. అప్పుల్లో ఉన్న బడిని నిలబెట్టడానికి 1871 అక్టోబరులో ఒక చిన్న గాయక బృందం ఊరూరా బయలుదేరింది. వారిలో ఎక్కువమంది బానిసత్వంలో పుట్టినవారే. తల్లిదండ్రులు గుట్టుగా, పవిత్రంగా దాచుకున్న పాటలను పరాయివాళ్ళ ముందు పాడటానికి వారికి మొదట మనసొప్పలేదు. బృందానికి పెట్టిన జూబిలీ అనే పేరు లేవీయకాండం నుంచి వచ్చింది. తెలుగు బైబిలులో అది సునాద సంవత్సరం, బానిసలు విడుదలై తమవారి దగ్గరకు తిరిగివెళ్ళే ఏడాది. వారు పాడి కూడబెట్టిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో ప్రారంభమైంది.

ఈ పాటల పరలోకం మీద విమర్శ నల్లవారిలోంచే వచ్చింది. ఇహలోకంలో దక్కనిదానికి పరలోకాన్ని బదులుగా చూపే భక్తి, మార్పు కోసం కదిలే పట్టుదలను తగ్గిస్తుందని విద్యావేత్త బెంజమిన్ మేస్ 1938 నాటి పుస్తకంలో వాదించాడు. హోవర్డ్ థర్మన్ జవాబు వేరు. 1936లో బార్డోలీలో గాంధీని కలిసిన ఈ బోధకుణ్ణి పెంచింది బానిసగా బతికిన అమ్మమ్మ. ఆమె చదువు రాని మనిషి. మనవడి చేత బైబిలు చదివించుకునేది కానీ, పౌలు పత్రికలను దాదాపు ముట్టనిచ్చేది కాదు. దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు మాటనే దొర తెచ్చిన బోధకుడు ఎప్పుడూ వల్లించేవాడట. దానికి భిన్నంగా, మీరు బానిసలు కారు, దేవుని బిడ్డలు అని చెప్పిన నల్ల బోధకుణ్ణి ఆమె జీవితాంతం తలుచుకుంది. అమరత్వం మీద హార్వర్డ్‌లో ఏటా జరిగే ఇంగర్‌సాల్ ఉపన్యాసాన్ని 1947లో ఇచ్చినప్పుడు థర్మన్ ఈ పాటలనే ఎంచుకున్నాడు. సంతలో తనకు కట్టిన ధర తన విలువ కాదని బానిసకు చెప్పింది ఆ నిత్యజీవ విశ్వాసమేనని అతని వాదం. 1972లో వేదాంతి జేమ్స్ కోన్ ఇంకో అడుగు ముందుకేసి, ఈ పాటల పరలోకంలో ఈ లోకపు విడుదల కూడా ఇమిడి ఉందన్నాడు.

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసంగాన్ని ఒక పాత స్పిరిచ్యువల్ మాటలతో ముగించాడు. మరణంతో దొరికే విడుదల గురించి పాడుకున్న మాటలవి. ఆ రోజు పౌరహక్కుల గురించి మోగాయి. 1968లో అతను హత్యకు గురయ్యాక అవే మాటలను సమాధి మీద చెక్కారు.