ఎక్కణ్నుంచి వచ్చారు?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలాసార్లే అడిగారు. అద్దె ఇంటి కోసం వెళ్తే అడిగారు. రైల్లో పక్క సీటాయన పేరు కనుక్కుని మరీ అడిగాడు. "మీ తెలుగు బాగుందే! అసలు మీవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు?" ఈ జిల్లానేనంటే ఊరుకోరు. "అది కాదండీ, అంతకు ముందు?" అంటారు. సరే, అంతకు ముందు సంగతే మాట్లాడుకుందాం.

మొరాకోలో జెబెల్ ఇర్హూద్ అనే చోట 1960లలో గని పనివాళ్లు తవ్వుతుంటే పుర్రె బయటపడింది. దాన్ని మొదట నియాండర్తాల్ మనిషిదనుకున్నారు, 40 వేల ఏళ్లనాటిదనుకున్నారు. 2017లో ప్రకటించిన కొత్త లెక్కలో అక్కడి ఎముకల వయసు దాదాపు 3 లక్షల ఏళ్లని తేలింది. ముఖం మనదే. పుర్రె వెనక భాగం మాత్రం ఇంకా మనలా గుండ్రబడలేదు. తూర్పున ఇథియోపియాలో, ఓమో నది దగ్గర 1967లో దొరికినవి కూడా సుమారు 2 లక్షల ఏళ్లకు తక్కువ కావు. మనిషి ఆఫ్రికాలో ఒక్కచోటే కాదు, అనేక గుంపులుగా కలుస్తూ విడిపోతూ రూపుకట్టాడని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు అంటున్నారు. ఇవాళ ఆఫ్రికా బయట ఉన్న జనమంతా ప్రధానంగా ఓ 50-70 వేల ఏళ్ల కింద అక్కణ్నుంచి కదిలినవాళ్ల సంతతే. దారిలో నియాండర్తాళ్లతోనూ సంబంధం కలుపుకున్నారు. 2010లో ఆ సంగతీ బయటపడింది.

ఇక మన దగ్గరికొద్దాం. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. 74 వేల ఏళ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద సముద్రం దాటొచ్చి ఇక్కడి జుర్రేరు లోయలో పేరుకుంది. ఆ బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లున్నాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం 2007లో రాసింది. వాటిని చేసింది మనలాంటి మనుషులా, అంతకు ముందరి జాతివాళ్లా అన్న తగువు తేలలేదు. బనగానపల్లె నవాబుల గురించి, మామిడి గురించి అందరికీ తెలుసు. ఆ లోయలో మొదట కాపురమున్నవాళ్లను మాత్రం మీరెక్కడివాళ్లని ఎవరూ అడగలేదు.

2009లో హైదరాబాదు సిసిఎంబి శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ తదితరులతో కలిసి ఈ దేశంలోని 25 సమూహాల జన్యువులు చూశారు. కులాల్లోనూ, తెగల్లోనూ దాదాపు అందరిలో రెండు పాత వంశాల కలయికే. ఆ కలయిక 4,200 నుంచి 1,900 ఏళ్ల కింద జరిగిందని 2013లో తేల్చారు. ముందు కలిశారు, కులం తలుపులు ఆ తర్వాత బిగించుకున్నారు. ఆ పాత వంశాల్లో ఇరాన్ వైపు జనంతో చుట్టరికమున్నదీ ఉంది, మధ్య ఆసియా గడ్డిమైదానాలదీ ఉంది. బయటి నెత్తురు ఒక్క సాయిబుల ఇంట్లోనే లేదు.

మరి మా సంగతి? దేశంలోని ఆరు ముస్లిం సమూహాలపై చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అరేబియా, ఇరాన్, ఆఫ్రికా జాడలు కాసిన్ని ఉన్నాయి. మిగతాదంతా పక్కింటి ముస్లిమేతరుల నెత్తురే. ఈ మాట మమ్మల్ని పరాయివాళ్లనేవాళ్లకు ఎంత చేదో, మాలోని కొందరు పెద్దలకూ అంతే చేదు. సయ్యదులమనీ, పఠానులమనీ మురిసిపోతూ దూదేకులవాళ్లకు పిల్లనివ్వనిది మనవాళ్లే కదా! ఎడారి నుంచి గుర్రాల మీద దిగామన్న గొప్పను ముందు మేమే చెప్పుకున్నాం. ఇప్పుడదే మాటను ఎదుటివాడు ఈటెగా విసురుతున్నాడు.

1987లో ప్రపంచ మానవుల మూలాన్ని వెతికినవాళ్లు తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా జన్యువును పట్టుకుని వెనక్కి నడిచారు. ఆ దారి చివర సుమారు 2 లక్షల ఏళ్లనాటి ఓ ఆఫ్రికా తల్లి తేలింది. పత్రికలవాళ్లం ఆమెకు హవ్వ పేరు తగిలించాం. నిజానికి ఆ కాలపు ఏకైక స్త్రీ కాదామె. తల్లీ కూతుళ్ల వరస తెగకుండా ఇక్కడిదాకా వచ్చింది ఆమెదొక్కటే.

మా బడే అబ్బా దగ్గర ట్రంకు పెట్టెలో వంశవృక్షం ఉంది, షజ్రా అంటాం. పైన ఒక అరబ్బు పేరు, కింద వరసగా మగవాళ్లు. ఒక్క ఆడమనిషి పేరూ లేదు. "దాదీ ఎవరింటి పిల్ల?" అని అడిగాం. ఆయన తలుపు వైపు ఓసారి చూశారు.

"పక్కూరే. దూదేకుల హుసేనమ్మ" అన్నారు మెల్లగా.