వీసబడి

శివరాత్రి తిరునాళ్లలో మహానందికి గాజుల మలారములతో, ఇత్తడి చెంబులతో వచ్చు చిల్లర వర్తకులను మీరందఱు చూచియుందురు. వారి పూర్వులు మోసిన పన్నుల కథ కొంత విన్నవించెదను.

1839 వఱకు మహానంది కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. పొరుగున నున్న కోవెలకుంట్లసీమ 1800లోనే, నిజాము వదలుకొన్న దత్తమండలములతో గూడ, కుంపిణీవారి వశమయ్యెను. వారు సేద్యగాని శిస్తుతో తృప్తి నొందలేదు. సాలెవాని మగ్గము, కమ్మరి కొలిమి, కోమటి యంగడి, అన్నిటికిని పన్ను గలదు. దానిపేరు మొహతర్ఫా. వృత్తిచేసి బ్రదుకువాడని యరబ్బీలో నా మాట కర్థము. వాని పేరనే వాని పన్ను!

మన దత్తమండలములలో వర్తకుల పన్నును వీసబడి యనిరి. ఈ బడి నేను పాఠములు చెప్పిన బడి కాదు. వీసమనగా పదునాఱవ పాలు. ఎవని పాలెంతయో వర్తకులే కూర్చుండి వీసముల లెక్కను పంచుకొనవలెను. ఇది స్వపరిపాలనమని కొందఱు మెచ్చుకొందురు గాని నాకట్లు తోపదు. పన్ను విధించునప్పుడు వారి నడిగినవారు లేరు. సాటివాని నెత్తిన బరువు పెట్టుటకు మాత్రము వారి నోరు కావలసెను. ఒకని పాలు తగ్గవలెనన్న వేఱొకనిది పెరుగవలసినదే గదా!

ఈ మొఱ సీమకు వినిపించినవాడును వర్తకుడే. చెన్నపట్టణమున నీలిమందు, వస్త్రముల వ్యాపారము చేసిన యింట పుట్టిన గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు 1844లో 'క్రెసెంటు' పత్రికను, 1852లో మద్రాసు దేశీయ సంఘమును నెలకొల్పిరి. ఆ యేడే సంఘము పార్లమెంటునకు పంపిన యర్జీలో మొహతర్ఫా దుర్భరతయు చేరెను. పనిముట్టు వెలకు ఆఱింతలు మించిన పన్నును గలదని వ్రాసిరి. 1853లో సీమోరను పార్లమెంటు సభ్యుడు వచ్చి చెట్టిగారితో పల్లెలు చూచెను. పన్ను రాబట్టుటకై ప్రజలను హింసించుట నిజమేయని 1855లో ప్రభుత్వము నియమించిన సంఘమే యొప్పుకొనెను. అయినను 1853 చట్టమువలన కలకత్తాలో నేర్పడిన శాసనసభలో భారతీయు డొక్కడును లేడు.

1860లో ఆదాయపు పన్ను వచ్చెను. పిమ్మట మొహతర్ఫా పోయెను. 1863లో చెట్టిగారు మద్రాసు శాసనసభలో కూర్చుండిరి. ప్రజలెన్నుకొనగా గాదు, గవర్నరు నియమింపగా. తమ సొత్తు చాలవఱకు ప్రజాకార్యములకు వెచ్చించి 1868లో పేదవారై గతించిరి.