పాలకూర, పథ్యం, ఒక భీమవరం డాక్టరుగారు

మన ఇళ్లల్లో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందని తెలియడమే తరువాయి, మందుకంటే ముందు పథ్యం వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. వంకాయ దురద, గోంగూర వేడి, పెరుగు జలుబు, గుడ్డు పైత్యం! పరామర్శకి వచ్చినవాళ్లు పళ్లు తెచ్చినా తేకపోయినా, "ఫలానాది మాత్రం ముట్టుకోనివ్వకండీ" అని ఒక నిషేధం తప్పకుండా ఇచ్చి వెళతారు. ఇక ఆ జబ్బు కేన్సరైతే చెప్పనే అక్కర్లేదు. తీపి తింటే గడ్డ పెరుగుతుందని ఒకరు, పాలు తాగితే పెరుగుతుందని ఒకరు, అసలేమీ పెట్టకుండా మాడిస్తే గడ్డే మాడి చస్తుందని ఇంకొకరు. అందరి మాటా మన్నించేసరికి రోగి కంచంలో మిగిలేవి నాలుగు బీరకాయ ముక్కలూ, పల్చటి జావా, ఒక నిట్టూర్పూను.

ఈ నిషేధాలన్నీ ఎక్కణ్ణించి వచ్చాయా అని నాకు ఎప్పట్నించో కుతూహలం. నేను చదివింది ఆర్ట్సు, రాసేవి నవలలు. అయితేనేం, చరిత్ర అంటే కథే గదా! తవ్వుకుంటూ పోతే రెండువేల ఏళ్లు వెనక్కి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు మన భీమవరం మీదుగా వచ్చాను.

కేన్సరుకి ఆ పేరు పెట్టింది గ్రీకు వైద్యులు. గడ్డ చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు వాళ్లకి పీత కాళ్లలా కనిపించాయట. వాళ్ల భాషలో పీతని కర్కినోస్ అంటారు. మన కర్కటమూ దానికి చుట్టమే. మన పెద్దవాళ్లు మాత్రం రాచపుండు అన్నారు, పేరులో కూడా మర్యాద తగ్గకుండా! క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గేలెన్ అనే మహావైద్యుడు, ఒంట్లో నల్లపైత్యం పేరుకుపోతే ఈ జబ్బు వస్తుందని తేల్చి, ఆ పైత్యాన్ని పెంచే తిండి మానమన్నాడు. ఆ మాటే వెయ్యేళ్లకు పైగా వేదవాక్కుగా చెల్లింది. ఇటు మన సుశ్రుతసంహిత కూడా అర్బుదాల గురించి చెబుతూ, మాంసం అతిగా తినేవాళ్లకి మాంసార్బుదం వస్తుందంది. అంటే పుండుకీ కంచానికీ ముడిపెట్టడం అటు వాళ్లకీ ఇటు మనకీ పాత అలవాటే.

ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ ముడిని ఇంకా బిగించారు. 1809లో లండన్‌లో విలియం లాంబ్ అనే డాక్టరు కూరగాయలూ, బట్టీపట్టిన నీళ్లూ తప్ప వేరే ఏదీ వద్దంటూ కేన్సరు పథ్యం మీద ఒక పుస్తకమే వేశాడు. 1928లో దక్షిణాఫ్రికాకి చెందిన జొహానా బ్రాండ్ట్ అనే ఆవిడ "ద్రాక్ష వైద్యం" ప్రచారంలోకి తెచ్చింది. ముందు ఉపవాసం, ఆపైన వారాల తరబడి ద్రాక్షపళ్లు, అంతే! జర్మనీనించి అమెరికా వెళ్లిన మాక్స్ గెర్సన్ గంటగంటకీ పళ్లరసాలు పట్టించి, కాఫీతో ఎనీమా ఇచ్చేవాడు. (కాఫీకి ఇంతటి అవమానం మన తెలుగుదేశంలోనైతే జరగనిచ్చేవాళ్లం కాదు.) వీటివల్ల కేన్సరు నయమవుతుందనడానికి ఏ పరీక్షలోనూ సాక్ష్యం దొరకలేదు. అయినా ఆశ ఉన్నచోట ఇలాంటివాటికి గిరాకీ తగ్గదు.

ఇంతకీ అసలు కథ మొదలైంది మన దేశంలోనే, మన ఆడవాళ్ల కష్టంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టలమిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు రక్తం విరిగిపోయి, పాలిపోయి, ప్రాణాలమీదికి తెచ్చుకునేవారు. కారణం ఏమిటో ఎవరికీ తెలియదు. విల్స్ వాళ్ల తిండి ఎలాంటిదో ఆరా తీసింది. ఎలకలకీ కోతులకీ అలాంటి తిండే పెట్టి చూసింది. 1929లో కొన్నాళ్లు కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో కూడా పనిచేసింది. (ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకి తరలివచ్చి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.) చివరికి ఆవిడకి మందు దొరికిందెక్కడనుకున్నారు? మార్మైట్ అనే సీసాలో! ఈస్టు సారంతో చేసే నల్లటి ఉప్పని ముద్ద అది. ఇంగ్లండులో రొట్టెమీద రాసుకుని తింటారు. అది పెడితే ఆ తల్లులకి రక్తం పట్టింది. 1931లో ఆవిడ ఈ సంగతి ప్రకటించింది. అందులో ఉన్న వస్తువేమిటో మాత్రం తేలలేదు.

అది తేలడానికి మరో పదేళ్లు పట్టింది. 1941లో అమెరికాలో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర తెచ్చి, వడకట్టి వడకట్టి, చిటికెడు పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు గనక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మన భాషలో ఆకుపులుసు అనుకోండి. మనింట్లో గర్భిణులకి డాక్టర్లు రాసిచ్చే మాత్ర ఇదే.

ఇక్కడ ప్రవేశిస్తారు మన డాక్టరుగారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి వెంకమ్మగారు కష్టపడి చదివించింది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషిని ఎండగట్టే జబ్బు అది. ఎదురుగా అన్నం ఉండీ ఆకలితో పోవడమన్నమాట. సుబ్బారావుగారికీ ఆ జబ్బు సోకితే, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారని చెబుతారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లి, అక్కడ హార్వర్డులో ఏళ్ల తరబడి పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. టన్నులకొద్దీ పాలకూరతో పని తప్పింది. స్ప్రూ జబ్బుకి అది మందుగా పనిచేస్తుందని కూడా ఆ రోజుల్లోనే రుజువైంది. తమ్ముడూ అన్నా పోయిన పాతికేళ్ల తర్వాత మందు చేతికొచ్చింది! ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టిందో లేదో ఏ పుస్తకమూ చెప్పదు.

అప్పుడు బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్తకేన్సరుతో కళ్లముందే రాలిపోతున్న పసివాళ్లని చూసి, రక్తాన్ని పట్టించే ఈ విటమిన్ వాళ్లకీ మేలు చేస్తుందేమో అనుకున్నాడు. ఇచ్చి చూశాడు. మేలు మాట దేవుడెరుగు, జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది! ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఇది పెడితే పెరుగుతోందంటే, ఇది దక్కకుండా చేస్తే తగ్గాలి గదా? సుబ్బారావుగారి బృందం చేతిలో దానికి సాధనం సిద్ధంగా ఉంది. అచ్చు ఫోలిక్ ఆమ్లంలాగే కనబడుతూ, కణం లోపలికి వెళ్లి పని చెడగొట్టే నకిలీ సరుకు. దాని పేరు అమినాప్టెరిన్. సరైన తాళంచెవి అనుకుని తలుపులో పెట్టుకుంటే, అది తిరగదు, ఊడిరాదు. ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఈ సంగతి అచ్చయింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు. అప్పటికి 53 ఏళ్లు. మూడేళ్లలో వచ్చేస్తానని భార్య శేషగిరిగారికి చెప్పి వెళ్లిన మనిషి, మళ్లీ ఇంటిగడప తొక్కనేలేదు.

ఆ మందుకి తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1956లో, మాయకి సంబంధించిన ఒక కేన్సరుతో చావు తప్పదనుకున్న యువతులు ఆ మందుతో బతికి ఇళ్లకి వెళ్లారు. ఇవాళ సంపన్న దేశాల్లో, పిల్లలకి ఎక్కువగా వచ్చే రకం రక్తకేన్సరులో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. వాళ్లకిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఇదంతా విని, "చూశారా! తిండి మాన్పిస్తే కేన్సరు తగ్గుతుందని మేం చెప్పిందీ అదే" అని ఎవరైనా అనవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. ఆ మందు మోసగించింది కణాన్ని. పస్తు పెట్టమన్నది బిడ్డని కాదు. కడుపు మాడ్చి ఎవరూ ఆ పని చేయలేరు. తీపి సంగతీ అంతే. 1920లలో ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కేన్సరు కణాలు చక్కెరని ఆబగా వాడుకుంటాయని కనిపెట్టిన మాట నిజమే. కానీ మన మెదడుకీ, రక్తకణాలకీ కూడా కావలసింది ఆ చక్కెరే. మనం తినకపోతే శరీరం తన కండ కరిగించుకుని మరీ దాన్ని తయారుచేసుకుంటుంది. గడ్డ వాటా గడ్డకి అందుతూనే ఉంటుంది. చిక్కిపోయేది మనిషి.

ఆ చిక్కిపోవడం చిన్న విషయం కాదు. 1932లో షీల్డ్స్ వారెన్ అనే వైద్యుడు కేన్సరుతో పోయిన 500 మంది శవపరీక్షలు చూస్తే, ఐదోవంతుకు పైగా మరణాలకి తక్షణ కారణం శరీరం శుష్కించిపోవడమేనని తేలింది. 1980లో అమెరికాలో 3,047 మంది రోగుల వివరాలు కూడితే, మందులు మొదలుపెట్టేనాటికే బరువు తగ్గినవాళ్లు తక్కువకాలం బతికారని కనిపించింది. తిండి ఒక్కటే ఆ క్షీణతని ఆపలేని దశలూ ఉన్నాయి. కానీ ఆపగలిగినచోట ఆపకుండా ఉండటం ఎవరి న్యాయం?

మా బంధువుల్లో ఒకావిడకి రొమ్ము కేన్సరుకి ఆపరేషనయ్యి, కీమోథెరపీ మొదలైంది. ఇంటిల్లిపాదీ ప్రేమకొద్దీ పాలూ, పెరుగూ, గుడ్లూ, పప్పూ మాన్పించారు. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. బరువు చూసి, రక్తపరీక్ష చూసి, డాక్టరుగారు తర్వాతి మోతాదు వాయిదా వేశారు. "అమ్మా, నేను మందిస్తాను గానీ, దాన్ని తట్టుకునే ఒళ్లు మీరివ్వాలి" అన్నారట. ఆ వారంనించే ఇంట్లో పప్పుకుక్కరు మళ్లీ కూత పెట్టింది.

మన పెద్దలు లంఖణం పరమౌషధం అన్నది ఒకటి రెండు రోజుల జ్వరానికీ, అజీర్తికీ. ఆర్నెల్ల వైద్యానికి కాదు. ఐరోపా పోషకాహార వైద్యసంఘం 2017లో చెప్పిన లెక్కయితే, రోగి ఒక్కొక్క కిలో బరువుకీ రోజుకి 25నించి 30 కేలరీలు, ఒక గ్రాము పైన, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులు. అంటే 50 కిలోల మనిషికి 50నించి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు కందిపప్పులోనూ ఇంచుమించు అంతే. కాబట్టి రెండుపూటలా చారన్నంతో ఆ లెక్క కుదరదు. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, అలవాటున్నవాళ్లకి చేప, కోడి ఉండాల్సిందే.

తినబుద్ధి కాకపోవడం రోగి మొండితనం కాదు, మందు గుణం. మూడుపూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలు చేయండి. పోపు వాసనకి వికారమైతే వేడివేడిగా కాకుండా చల్లార్చి పెట్టండి. నోరు పూస్తే ఆవకాయా గోంగూరా కొన్నాళ్లు పక్కనపెట్టి, మెత్తటి పెరుగన్నం, నెయ్యివేసిన పెసరపప్పు కిచిడీ, ఉడికిన గుడ్డు చిదిపి పెట్టండి. స్టీలు చెంచా చేదుగా లోహంలా తోస్తే చెక్క చెంచా వాడండి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో శుచి ముఖ్యం. కాచిన నీళ్లు, అప్పుడే వండిన అన్నం, ఇంట్లో కడిగి కోసిన పండు. బండిమీద చెరుకురసం, కోసి అమ్మే ముక్కలు, పచ్చిగుడ్డు వద్దు. ఆకుకూర పప్పు నిక్షేపంగా తినవచ్చు. విటమిన్ మాత్రలూ, చూర్ణాలూ, పసర్లూ మాత్రం డాక్టర్ని అడగందే ముట్టుకోవద్దు. మెథోట్రెక్సేట్ ఒకపక్క తలుపు మూస్తుంటే, ఇంకోపక్క మనం ఫోలిక్ మాత్రతో తలుపు తీస్తే ఎలా? ఆ మాత్ర ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది ఆయనే.

వైద్యం పూర్తయ్యాక లెక్క మారుతుంది. రొమ్ము కేన్సరు నయమైన స్త్రీలలో చాలామంది చిక్కరు సరికదా, లావెక్కుతారు. అప్పుడు దంపుడు బియ్యం, జొన్నలు, రాగులు, కూరలు, పళ్లు, రోజూ కాస్త నడక. నూనెలో వేగినవీ, బజారు తీపివీ పండగలకి. అప్పుడు వేసుకోవచ్చు మన నిషేధాల్లో కొన్ని.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. బొంబాయి మిల్లుల్లో తల్లుల్ని ఆ డాక్టరమ్మ తిండి మాన్పించి బతికించలేదు. వాళ్ల తిండిలో లేనిదేదో వెతికి తెచ్చి పెట్టి బతికించింది. ఈసారి కేన్సరు రోగిని చూడబోయేటప్పుడు ఏది మానాలో చెప్పడానికి వెళ్లకండి. ఏది తినగలుగుతున్నారో అడిగి, అది కాస్త వండి పట్టుకెళ్లండి.