పాట త్యాగయ్యది, మరి ఆ స్వరం ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో ఒక పాట గురించి, ఒక గొంతు గురించి మాట్లాడుకుందాం. పాట త్యాగరాజ స్వామి 'నగుమోము'. గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది. ఆయన మన కోనసీమ మనిషండీ. 1930 జులై 6న రాజోలు తాలూకా శంకరగుప్తంలో పుట్టారు. అమలాపురం, రాజోలు కుర్రాళ్లలోనే చాలామందికి ఈ సంగతి తెలీదు.

నా ప్రశ్న సింపుల్. పాట కట్టినాయన ఎప్పుడో వెళ్లిపోయారు. ఆయన గొంతు రికార్డు లేదు. అలాంటప్పుడు ఇవాళ స్టేజ్ మీద పాడేవాళ్లు ఆ పాటని మార్చొచ్చా? మారిస్తే ఎంతవరకు?

ముందు ఒక్క నిమిషం అమెరికా వెళ్లొద్దాం. జాజ్ సంగీతంలో 'స్టాండర్డ్' అంటారు. అంటే గాయకులందరికీ వచ్చిన, వినేవాళ్లకీ బాగా తెలిసిన పాత పాట. 'మిస్టీ' అలాంటిదే. 1954లో ఎర్రల్ గార్నర్ బాణీ కట్టాడు, తర్వాత జానీ బర్క్ మాటలు రాశాడు. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ దాన్ని లైవ్‌లో పాడింది. పాట జనానికి తెలిసిందే. ఆమె ఏ మాట దగ్గర ఆగుతుంది, ఏ మాటని సాగదీస్తుంది, అసలు వినాల్సింది అది. అదే కచేరీలో ఇంకో పాట మధ్యలో మాటలు మర్చిపోయి, అక్కడికక్కడే సొంత మాటలు కట్టి పాడేసింది. ఆ పాటకే గ్రామీ వచ్చింది!

ఇది వినగానే మనకి కచేరీ గుర్తు రావాలి. మన దగ్గర ఈ పద్ధతి ఎప్పట్నుంచో ఉంది.

ఇప్పుడు 'నగుమోము' దగ్గరికి వద్దాం. త్యాగరాజు (1767–1847) ఉన్నది తమిళనాడులోని తిరువయ్యారులో, రాసింది తెలుగులో. ఇందులో ఆయన రాముడి నవ్వు ముఖం చూడలేక విలవిల్లాడుతున్నారు. నా బాధ తెలిసి కూడా రావేంటయ్యా అని అడుగుతారు. చరణంలో ఇంకో అడుగు ముందుకేస్తారు. నీ వాహనం గరుత్మంతుడు నీ మాట విని బయల్దేరలేదా, ఆకాశం నుంచి భూమి చాలా దూరమని సాకు చెప్పాడా అని దెప్పుతారు. భక్తి ఉంది, చనువు ఉంది, కోపం కూడా ఉంది. మన ఇంట్లో మనిషి ఫోన్ ఎత్తకపోతే వచ్చే కోపం లాంటిదే.

అసలు మలుపు ఇక్కడుంది. ఈ కృతి రాగం ఆభేరి. ఇవాళ మనం వినే ఆభేరిలో చతుశ్శ్రుతి ధైవతం ఉంటుంది. ఒకప్పుడు దీన్ని శుద్ధ ధైవతంతో పాడేవారు. అంటే 'ద' అనే స్వరం ఒక మెట్టు కింద ఉండేది. ఒక్క స్వరం ఒక మెట్టు పైకెక్కితే పాట రంగే మారిపోతుంది. హిందుస్తానీ భీంపలాసి ఛాయ వచ్చేస్తుంది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గ్రామఫోన్ రికార్డుతో ఈ కొత్త రూపం బాగా జనంలోకి వెళ్లిందని సంగీతం తెలిసినవాళ్లు చెప్తారు. ఇంజినీర్ భాషలో చెప్పాలంటే, ఎవరో కోడ్‌లో ఒక్క లైన్ మార్చారు, అందరూ ఆ వెర్షన్‌కే అప్‌డేట్ అయిపోయారు. మనం 'ఒరిజినల్' అనుకుని కళ్లు మూసుకుని వినేది కూడా పాడేవాళ్లు మార్చిన రూపమే.

మరి ఎవరు పడితే వాళ్లు మార్చేయొచ్చా? ఇక్కడే బాలమురళి గారి కథ పనికొస్తుంది.

పసివాడిగా ఉన్నప్పుడే తల్లి సూర్యకాంతమ్మ గారు పోయారు. ఆమె వీణ వాయించేవారు. తండ్రి పట్టాభిరామయ్య గారూ సంగీతకారులే. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన గురువు సాక్షాత్తూ త్యాగరాజే. లెక్కేస్తే త్యాగయ్య నుంచి బాలమురళి ఐదో మనిషి. కాగితం మీద నుంచి కాదు, గొంతు నుంచి గొంతుకి వచ్చిన పాట అది.

ఎనిమిదేళ్లకి విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. అది విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ మురళీకృష్ణ పేరుకి ముందు 'బాల' చేర్చారు. టీనేజ్‌లోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. అవి 1952లో 'జనక రాగ కృతి మంజరి'గా అచ్చయ్యాయి. తర్వాత మహతి, లవంగి లాంటి నాలుగు స్వరాల రాగాలు తెచ్చారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని నమ్మేవాళ్లకి ఇది రుచించలేదు. వీణ ఎస్. బాలచందర్ అయితే బహిరంగంగానే గొడవకి దిగారు. ఆ గొడవని నేను తక్కువ చేయను. సంప్రదాయాన్ని కాపాడాలనుకునేవాళ్ల భయం నిజమైనదే. తెలియనివాడు మారిస్తే పాట పాడైపోతుంది.

నా జవాబు మాత్రం ఇది. ముందు మొత్తం నేర్చుకున్నవాడికే మార్చే హక్కు. ఆ మార్పు కూడా మాటకి పనికొచ్చేదై ఉండాలి.

ఆయన లైవ్‌లో పాడిన 'నగుమోము' ఈ చెవితో వినండి. పల్లవి ఒకే వాక్యం, మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొత్త మెలిక తిరుగుతుంది. దాన్నే సంగతి అంటారు. గొంతు కిందికి దిగినా బరువు తగ్గదు, పైకెక్కినా అరుపు అవ్వదు. అన్నిటికన్నా ముఖ్యంగా తెలుగు మాట విరగదు. అర్థం తెలిసిన మనిషి అడుగుతున్నట్టే ఉంటుంది. ఒకే ప్రశ్నని అన్నిసార్లు ఎందుకు అడుగుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. జవాబు రాలేదు కాబట్టి.

ముప్ఫై సెకన్ల రీల్‌లో ఇది దొరకదండీ. రీల్‌లో ఒక్క సంగతే ఉంటుంది. అది మిగతావాటికన్నా ఎలా వేరో తెలీదు.

2016 నవంబర్ 22న ఆయన చెన్నైలో కన్నుమూశారు. పద్మవిభూషణ్, ఫ్రాన్స్ ఇచ్చిన షెవాలియర్ అన్నీ చూశారు. మనకి మిగిలింది ఆ రికార్డింగులు. అందుకే ఈ వారం మీకో చిన్న పని. ఆయన పాడిన 'నగుమోము' ఒకటి, ఇంకెవరిదైనా ఒకటి, రెండూ పూర్తిగా వినండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఆ తేడా వల్ల మాట ఇంకా గట్టిగా తగిలిందో లేదో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.