పత్తిని కరిగించే ఉప్పు

ఫిబ్రవరి నెలాఖరు. చండూరు నుంచి మునుగోడు వెళ్లే దారిలో ఆఖరి ఏరుడు అయిపోయిన పత్తి చేను. గట్టు దాటి లోపలికి నడిస్తే ఎండు కట్టె పిక్కలకు గీరుకుంటుంది. విచ్చిన కాయలో, ఏరేవాళ్ల వేళ్లకు అందని దూది పిసరొకటి మిగిలి ఉంది. అవతలి చెలకలో పీకిన కట్టె కుప్పలు మండుతున్నాయి, పొగకు కళ్లు నీళ్లు కారుతున్నాయి. "కాలవెట్టుడే బిడ్డా, ఇంకేం జేస్తం?" అంటోంది కుప్ప దగ్గరున్న పెద్దమ్మ.

ఆ పిసరు తీసి వేళ్ల మధ్య సాగదీయండి. అందులో సుమారు 90 శాతం సెల్యులోజే. వేల గ్లూకోజు అణువుల గొలుసులు హైడ్రోజన్ బంధాలతో పక్కపక్కనే బిగుసుకున్నాయి. నానబెట్టినా, ఉడకబెట్టినా ఆ పట్టు సడలదు.

దాన్ని పట్టుకుని ప్రయోగశాలకు రండి. నూనె తొట్టిలో 100 డిగ్రీల దగ్గర చిన్న సీసా వేడెక్కుతోంది. అందులో పాకంలా సాగుతున్నది అచ్చంగా ఉప్పే: బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్. వంటింటి ఉప్పు ద్రవం కావాలంటే 801 డిగ్రీలు కావాలి. దీనికి 70 డిగ్రీలు చాలు. దీని ధన అయాన్ పెద్దది, ఒడ్డూపొడుగూ కుదరనిది, స్ఫటికంలో బిగుతుగా సర్దుకోలేదు. దూది వేసి కలపండి. అంచులు ఉబ్బుతాయి, తెలుపు పలచబడుతుంది, చివరికి సీసాలో పోగు కనిపించదు. క్లోరైడ్ అయాన్లు గొలుసుల మధ్య దూరి హైడ్రోజన్ బంధాలను తమవైపు తిప్పుకున్నాయి. ఇప్పుడు నీళ్లు పోయండి. సెల్యులోజ్ తెల్లగా విరిగి బయటికొస్తుంది. ఉప్పు నీళ్లలో ఉండిపోతుంది. నీళ్లను ఆవిరి చేస్తే మళ్లీ వాడుకోవచ్చు.

2002లో అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం దీన్ని లోకానికి చూపింది. నరాలను దెబ్బతీసే కార్బన్ డైసల్ఫైడ్‌తో రేయాన్ తీసే పాత పద్ధతికి ఇదొక ప్రత్యామ్నాయం. 2018లో అప్పటి ఫిన్లాండ్ అధ్యక్షుడి సతీమణి జెన్ని హౌకియో స్వాతంత్ర్య దినోత్సవ విందులో వేసుకున్న గౌను, ఇలాంటి ద్రవ ఉప్పులో (అయానిక ద్రవంలో) కరిగించిన బిర్చ్ కలప గుజ్జు నూలుతో నేసిందే.

పత్తి కట్టెతో పని దూదంత తేలిక కాదు. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను ముందు విడదీయాలి. ద్రావకం ఖరీదైనది, దాదాపు మొత్తం తిరిగి రాబట్టకపోతే గిట్టదు. అయినా అక్కడ బిర్చ్‌తో అయిన పని ఇక్కడ పత్తి కట్టెతో ఎందుకు కాకూడదు? నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ రసాయనశాస్త్రం చదివే పిల్లలూ, వచ్చే ఏరుడు అయిపోగానే ఒక కట్టెల మోపు మీ ప్రయోగశాలకు తెప్పించుకోండి.