ధాత కరువులో ఒక పౌను ధాన్యం

ఈ రాత్రి వంటకు ముందు, ఇంట్లో త్రాసు ఉంటే, 450 గ్రాముల బియ్యం తూచి పళ్ళెంలో పోసి చూడండి. చూపుకు అదేమంత తక్కువగా అనిపించదు. ఇప్పుడు అది ఒక మనిషికి రోజంతటికీ ఆహారమనుకోండి. పప్పు లేదు, కూర లేదు, మజ్జిగ లేదు. ఆ మనిషి తెల్లవారినది మొదలు పొద్దుగూకే దాకా ఎండలో రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి. 1877 ఆరంభంలో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనులకు వచ్చిన కూలీకి ప్రభుత్వం కట్టిన లెక్క ఇదే: రోజుకు ఒక పౌను ధాన్యం, ఆపైన ఉప్పుకూ మిరపకాయకూ కొద్దిపాటి చిల్లర. స్త్రీలకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. లెక్క కట్టినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. అందుకే చరిత్రలో దానికి 'టెంపుల్ కూలి' అని పేరు.

వలస పాలన అనగానే మనకు యుద్ధాలు, ఉరికంబాలు, కోటలు గుర్తుకు వస్తాయి. వృత్తిరీత్యా నా దృష్టి మాత్రం ఇలాంటి అంకెల మీదికి పోతుంది. ఎక్కడో కార్యాలయంలో నిర్ణయమైన ఒక తూకం లక్షల మంది దేహాల్లోకి ఎలా ప్రవేశించిందో చూస్తే, సామ్రాజ్యం పనిచేసిన తీరు తేటపడుతుంది.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన బళ్ళారి, కడప, కర్నూలు ప్రాంతాలను దత్తమండలాలు అనేవారు. కర్నూలు నవాబు ఏలుబడిలో ఉన్న భాగం మాత్రం 1839లో కంపెనీ వశమైంది. దత్తమండలాల్లో థామస్ మన్రో రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. ప్రతి రైతూ తన భూమికి తానే ప్రభుత్వానికి శిస్తు కట్టాలి, అదీ నగదుగా. మన్రో మీద సీమలో నేటికీ గౌరవం ఉంది. అది పూర్తిగా అకారణమని నేను అనను. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో మరణించాడు. అయితే పద్ధతి మనిషి మంచితనం మీద ఆధారపడదు. నగదు శిస్తు కట్టాలంటే పంటను అమ్మాలి, పంట పోయిన ఏడు అప్పు చేయాలి. పంట లేకున్నా శిస్తు ఉంటుంది, షావుకారు వడ్డీ ఉంటుంది.

వర్షం తక్కువైన ఈ నేలను పూర్వులు చెరువులతో కాపాడుకున్నారు. పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. చెరువు తవ్వించి బాగు చేయించేవారికి 'దశబంధం' పేరిట మాన్యాలుండేవి. కంపెనీ పాలనలో ఆ బాధ్యత క్రమంగా సర్కారు చేతికి పోయింది. సర్కారుకు చెరువు పూడిక కంటె శిస్తు ముఖ్యం. గోదావరిపై ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ జీవితాంతం మొత్తుకున్నది ఇదే: రైళ్ళకు పోస్తున్న సొమ్ములో కొంత నీళ్ళకు పెట్టండి అని. కాని 1871 నాటికి రైలు మాత్రం కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరింది.

1876లో నైరుతి ఋతుపవనాలు విఫలమయ్యాయి. ఆ తరువాతి వానలూ ముఖం చాటేశాయి. ధాతునామ సంవత్సరంలో వచ్చింది కనుక జనం దీన్ని ధాత కరువు అన్నారు. ధాన్యం రైలులో వచ్చింది. వచ్చిన ధాన్యం కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. పంట పోతే రైతుకు తిండి పోతుంది. దానితోపాటు కూలీకి పని, నేతగానికి బేరం పోతాయి. గింజ కళ్ళెదుట బస్తాల్లో ఉండగానే మనిషి ఎండిపోతాడు. దేశం నుంచి గోధుమ ఎగుమతి ఆగలేదు. వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్నది నాటి పాలకుల దృఢవిశ్వాసం. సరిగ్గా ఆ దినాల్లోనే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు.

ఆ నెలలోనే టెంపుల్ దక్షిణానికి ప్రత్యేక ప్రతినిధిగా వచ్చాడు. ఇక్కడ మీరు ఆగి గమనించవలసిన విషయం ఒకటుంది. ఈయన కరువును ఎదుర్కోవడం తెలియనివాడు కాడు. 1873–74లో బీహారులో కరువు పడినప్పుడు బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు చాలా స్వల్పం. అందుకు ఆయనకు దక్కింది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. ఖర్చెక్కువైందని కలకత్తాలోను, లండన్‌లోను విమర్శలు వచ్చాయి. మూడేళ్ళ తరువాత దక్షిణానికి పంపినప్పుడు, ఆ మచ్చ మాపుకోవాలన్న తపన ఆయనలో ఉన్నట్లే కనిపిస్తుంది. సహాయం పొందాలంటే ఒళ్ళు వంచి పని చేయాలి, ఆ పని కోసం ఇల్లు విడిచి దూరంగా ఉన్న శిబిరాలకు రావాలి అన్నాడు. నిజంగా గతిలేనివాడే వస్తాడని తర్కం. వైద్యుడికి ఈ తర్కం వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. పదిమైళ్ళు నడిచి రాగలిగినవాడు ఇంకా కొంత బలం ఉన్నవాడే. గతి తప్పినవాడు దారిలోనే ఉంటాడు.

కూలిని తగ్గించడానికి అడ్డు నిలిచినవాడు కూడా ఆంగ్లేయుడే, మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. ఆయన వాదన సరళం. కాయకష్టం చేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం కావాలి. దానితో పప్పు, కూరగాయలు ఉండాలి. లేకుంటే మనం ఇస్తున్నది జీతం కాదు, నిదానంగా వచ్చే చావు అన్నది ఆయన మాటల సారం.

నేటి లెక్కలతో చూద్దాం. 450 గ్రాముల బియ్యమైనా జొన్నలైనా సుమారు 1,550 కేలరీలు. యాభై కిలోల మనిషి కదలకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు, దేహపు వెచ్చదనం కోసం దాదాపు 1,300 కేలరీలు ఖర్చవుతాయి. పలుగుతో రాళ్ళు కొట్టే పనికి మిగిలినవి రెండు వందల యాభై. అట్టి శ్రమజీవికి రోజుకు మూడువేలకు పైగా కావాలి. లోటు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు కొవ్వు కరుగుతుంది, తరువాత కండ. కొద్ది వారాలకు కాళ్ళలో నీరు చేరుతుంది. ఉబ్బిన ఆ కాళ్ళను చూసి పర్యవేక్షకుడు మనిషి బాగానే ఉన్నాడనుకునే ప్రమాదముంది. పేగుల లోపలి పొర పలచబడి, అప్పుడు అన్నం పెట్టినా అరగదు, విరేచనాలుగా పోతుంది. మద్రాసులో కరువు రోగులకు శవపరీక్షలు చేసిన డాక్టర్ అలెగ్జాండర్ పోర్టర్ తాను చూసినవాటిని 1889లో పుస్తకంగా ప్రచురించాడు.

లిట్టన్ టెంపుల్ పక్షాన నిలిచాడు. బొంబాయి ప్రాంతంలో కూలీలు ఆ కూలికి పని చేయమని శిబిరాలు విడిచి వెళ్ళారు. పూనా సార్వజనిక సభ వారి తరఫున రాసింది. మద్రాసు ప్రభుత్వం కొద్ది నెలలకు సగం దిగివచ్చి, పౌనుంబావు ధాన్యం, ఔన్సున్నర పప్పు ఇచ్చింది. కార్నిష్ అడిగిన పెంపులో అది సగమే.

చావుల లెక్క ఎన్నడూ తేలలేదు. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాలకే యాభై అయిదు లక్షలన్నది తరచు చెప్పే అంచనా. సంస్థానాలను కలిపితే ఇంకా ఎక్కువ. ఎందుకు తేలలేదో వైద్యులకు తెలుసు. ఆకలి తానై చంపడం అరుదు. కలరా, మశూచి, రక్తవిరేచనాలు, జ్వరాలు పని పూర్తి చేస్తాయి. గ్రామ కరణం పుస్తకంలో ఆ పేర్లే ఎక్కుతాయి. వానలు తిరిగి కురిశాక నీరసించిన జనం మీద మలేరియా విరుచుకుపడింది. 1877–78లో వర్షం వచ్చిందని సంతోషించిన ఊళ్ళు మళ్ళీ పాడెలు కట్టాయి.

మిగిలినవి క్లుప్తంగా. మద్రాసులో అడయారును, కూవాన్ని కలిపే కాలువను కరువు కూలీలే తవ్వారు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు దానికి నిలిచింది. మన కోస్తాను తాకే బకింగ్‌హాం కాలువ పేరు అదే. 1878లో ఉప్పు పన్నును దేశమంతటా సమం చేసే పేరిట మద్రాసులో మణుగుకు రూపాయి పదమూడణాల నుంచి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచారు. కరువు తేరుకోని జనం అప్పుడే ఉప్పు కొనవలసి వచ్చింది. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, దాని వెంట కరువు నియమావళులు వచ్చాయి. అవి తరువాతి కాలంలో కొన్ని ప్రాణాలు కాపాడాయనడం న్యాయమే. అయినా ఎంత తక్కువ ఇస్తే మనిషి బతుకుతాడన్న ప్రశ్న మాత్రం ఆ దస్త్రాల నుంచి తొలగలేదు.

1871లో మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా లెక్కల నివేదిక రాసినవాడు ఇదే కార్నిష్. ఏ జిల్లాలో ఎందరున్నారో ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. పదేళ్ళ తరువాత, 1881లో మళ్ళీ లెక్కించినప్పుడు కర్నూలు జిల్లాలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు తక్కువయ్యారు.